మా ఇంట్లో క్రిస్మస్ ఎన్నో తారీఖు?

ఈసారి మా ఇంట్లో క్రిస్మస్ అక్టోబరు 24న, శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలకు మొదలైంది. నవ్వకండి. రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు ఇస్తారు, డిసెంబరు 23 రైలుకి వెనక్కి లెక్కేసుకుంటే తేలేది ఆ రోజే. 2024 నవంబరుకి ముందైతే 120 రోజుల ముందే ఇచ్చేవాళ్లు, అప్పుడు మా పండగ ఆగస్టు 25న వచ్చేది, బయట వినాయక చవితి పందిళ్ల హడావిడి నడుస్తుంటే లోపల నేనూ మా ఆయనా చెరో ఫోను పట్టుకుని గడియారం చూస్తూ కూర్చునేవాళ్లం. ఎనిమిదింటికి నొక్కాలి. ఎనిమిదీ రెండుకి నొక్కితే వెయిటింగ్ లిస్టు. బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకి ఈ టెన్షన్ గురించి నేను చెప్పక్కర్లేదు, సంక్రాంతికి వెళ్లేవాళ్లదీ ఇదే కథ, మాది మూడు వారాలు ముందు, అంతే.

నాలుగు బెర్తులు దొరికాయి, అందులో రెండు సైడ్ అప్పర్. ఆ సంతోషంలో మా వాడికి చెప్పాను. పదిహేనేళ్లు వాడికి. చెవిలోంచి ఒక్క ఇయర్‌ఫోన్ తీసి, "నేను రాను, 23న ఇక్కడ యూత్ క్యారల్స్ ఉన్నాయి, అయినా ఊళ్లో ఏముంటుందమ్మా" అనేసి మళ్లీ పెట్టేసుకున్నాడు.

ఊళ్లో ఏముంటుంది. ఆ మాటకి కోపం రావడానికి నాకు ఒక పూట పట్టింది. ముందు వచ్చింది కోపం కాదు, అనుమానం. నిజంగానే ఏముంటుంది? ఉన్నదంతా ఎప్పుడో 1987లో ఉండిపోలేదూ?

డిసెంబరు వచ్చిందంటే ఆఫీసులో భోజనాల దగ్గర ఎవరో ఒకరు అంటారు, "చిన్నప్పటి ఫీల్ ఇప్పుడు లేదండీ" అని. క్రిస్మస్ అనే కాదు, దీపావళికైనా ఉగాదికైనా ఇదే డైలాగు, అందరూ తలూపుతారు, పెరుగన్నం కలుపుకుంటారు. నేనూ పదేళ్లుగా తలూపుతున్నాను. ఈమధ్యే ఆ మాట తప్పనిపిస్తోంది. ఫీల్ ఎక్కడికీ పోలేదు, అది వేరే తారీఖుకి మారింది. మనం మాత్రం 25నే పట్టుకుని అక్కడే వెతుకుతున్నాం. అసలు అది 25న ఎప్పుడుంది గనక?

నాకు ఏడేళ్లప్పుడు పండగంటే 24 రాత్రి. గుంటూరు పక్కన మా ఊరు, లూథరన్ అనే ప్రొటెస్టెంట్ చర్చి సంఘం మాది. 1842లో హయ్యర్ అనే మిషనరీ గుంటూరులో దిగినప్పటి నుంచి ఆ చుట్టుపక్కల వేళ్లూనుకున్న సంఘం. మా నాన్న సంఘ పెద్ద, ప్రతి ఏడూ నక్షత్రం ఆయనే కట్టేవాడు. పది వెదురు బద్దలు. అయిదింటితో ఒక నక్షత్రం, ఇంకో అయిదింటితో ఇంకోటి, రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి అయిదు కొసలూ దారంతో బిగించి, లోపలి మూలల్లో అయిదు చిన్న పుల్లలు అడ్డం నిలబెడితే నక్షత్రానికి పొట్ట వస్తుంది. ఆ పుల్లలు నిలబెట్టేటప్పుడే బద్ద విరుగుతుంది, అప్పుడు సంఘ పెద్ద నోటి నుంచి రాకూడని మాటలు కొన్ని వచ్చేవి. మైదా ఉడకబెట్టిన జిగురు, గాలిపటాల కాగితం, లోపల నలభై క్యాండిల్ బల్బు. బల్బు ఒక పక్కకి ఒరిగి కాగితానికి గోధుమరంగు మచ్చ పడేది, అది లేని నక్షత్రం మా ఇంటి మీద నేను చూడలేదు. రాత్రంతా మంచు కురిసి జిగురు వదిలేసి, తెల్లారేసరికి అయిదు మూలల్లో రెండు జారిపోయి ఉండేవి. 25 పొద్దున మా ఇంటి మీద ఎగిరేది మూడు మూలల నక్షత్రం.

ఇక ఆ వయసులో 25 గురించి నిజాయితీగా నాకు గుర్తున్నవి ఇవి: కొత్త గౌను మెడ దగ్గర గుచ్చుకోవడం, మూడు గంటల ఆరాధనలో ప్రసంగానికి నిద్రపోవడం, మధ్యాహ్నం కోడి పలావు ఎక్కువై కడుపునొప్పి. ఇంతే. మనం తెగ తలుచుకునే చిన్నప్పటి క్రిస్మస్, చాలావరకు ముందురోజు రాత్రిదే.

పద్దెనిమిదేళ్లకి నా పండగ ఇంకొంచెం వెనక్కి జరిగింది, 20, 21 ఆ ప్రాంతానికి. క్యారల్స్ రౌండ్లు, అంటే ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడటం. రాత్రి పదకొండింటికి డప్పులూ పెట్రోమాక్స్ లైటూ పట్టుకుని కుర్రాళ్లు బయల్దేరితే తెల్లవారుజామున నాలుగింటికి ఆఖరి ఇల్లు. అర్ధరాత్రి రెండింటికి తలుపు కొడితే తిట్టకుండా టీ పెట్టే రాత్రులు ఏడాదికి అవి రెండో మూడో. ఇక్కడిదాకా చదివిన మగవాళ్లకి కళ్లు చెమ్మగిల్లుతుంటాయని తెలుసు. కాస్త ఆగండి. ఆడపిల్లలం మేం తొమ్మిదింటి వరకే. మొదటి వీధి పాడగానే "ఇక మీరు ఇళ్లకెళ్లండమ్మా" అనేవారు పాస్టరు గారు, మేం వెళ్లిపోయేవాళ్లం. "ఆ రోజుల్లో క్యారల్సంటేనా..." అని మొదలయ్యే జ్ఞాపకం సగం ఊరిదే.

నా జ్ఞాపకం కిటికీది. దుప్పటి కప్పుకుని నిద్ర నటిస్తూ, డప్పు ఏ సందులో ఉందో చెవితోనే లెక్క కట్టేదాన్ని. బడి సందు అయింది. ఇప్పుడు బోరింగు దగ్గర. ఇంకా నాలుగిళ్లు. మూడు. తీరా మా గుమ్మంలోకొచ్చి రెండు పాటలు పాడి, శుభాకాంక్షలు అరిచి, నాన్న ఇచ్చింది తీసుకుని వెళ్లిపోయేవాళ్లు, మొత్తం పది నిమిషాలు. నాకు పండగ ఆ పది నిమిషాలు కాదు, దానికి ముందు గంటన్నర. ఎవరి కోసం ఆ ఎదురుచూపులని అడగొద్దు. ఎవరి కోసమూ కాదు. అంటే, పూర్తిగా కాదు అని కూడా అనను.

వయసు పెరిగేకొద్దీ పండగలు ఇలా వచ్చి అలా పోతాయని అందరూ అంటారు కదా, దానికి 19వ శతాబ్దంలో పాల్ జానే అనే ఫ్రెంచి తత్వవేత్త ఒక లెక్క చెప్పాడు. ఏడేళ్ల పిల్లకి ఏడాదంటే బతుకులో ఏడోవంతు, నలభై అయిదేళ్ల మనిషికి నలభై అయిదోవంతు, అందుకే మనకి ఏళ్లు పరిగెడతాయట. వినడానికి బాగుంటుంది, వాట్సాప్‌లో తిప్పడానికి ఇంకా బాగుంటుంది. కానీ మా అమ్మకి డెబ్బై నాలుగు. ఈ లెక్కన అమ్మకి డిసెంబరు రెప్పపాటులో అయిపోవాలి. అమ్మకేమో నవంబరు నుంచే రోజు కదలదు. "ఇంకా పన్నెండో తారీఖేనటే?" అంటుంది ఫోన్లో, తప్పు క్యాలెండరుదన్నట్టు. అదే డిసెంబరు నాకు ఎటు పోతుందో తెలియదు, ఆఫీసులో ఏడాది చివరి పనులు, పిల్లల పరీక్షలు, లీవు కోసం బతిమాలడాలు, చూసేసరికి 22. అంటే ఇది వయసు లెక్క కాదు. ఏడేళ్ల నేనూ, డెబ్బై నాలుగేళ్ల అమ్మా ఒకే డిసెంబరులో కూర్చుని ఉన్నాం, మెల్లగా నడిచే డిసెంబరు అది. ఎదురుచూసేవాళ్లది. నేనే మధ్యలో ఎప్పుడో లేచి వచ్చేశాను.

ఆ మాటకొస్తే 25 అనే తారీఖే మనం అనుకునేంత గట్టిది కాదు. బైబిల్లో యేసు కథ చెప్పే సువార్తల్లో ఎక్కడా పుట్టిన తారీఖు లేదు. రోములో 354లో కూర్చిన ఒక పంచాంగంలో డిసెంబరు 25 కనిపిస్తుంది, మనకి దొరికిన పాత ఆధారాల్లో అది ముఖ్యమైనది. ఆర్మీనియా సంఘం వాళ్లకి ఇప్పటికీ జనవరి 6. రష్యాలో జనవరి 7, వాళ్ల చర్చిది పాత జూలియన్ క్యాలెండరు, మనకన్నా 13 రోజులు వెనక నడుస్తుంది. ఉక్రెయిన్ 2023లో చట్టం చేసి మరీ 7 నుంచి 25కి మారింది. స్కాట్లండులో 1958 దాకా ఆ రోజు సెలవే లేదు. అంత దూరం ఎందుకు, మా బాబాయిది బ్రదరన్ సంఘం, ఆయనకి అసలు క్రిస్మసే లేదు. "బైబిల్లో ఎక్కడుందో చూపించమ్మా" అంటాడు. 25 మధ్యాహ్నం భోజనానికి మాత్రం ఠంచనుగా వస్తాడు. "పండక్కి రాలేదు, అన్నం తినడానికి వచ్చాను" అని గుమ్మంలోనే ప్రకటించి చెప్పులు విప్పుతాడు. ఈసారి గురువారం పడింది కాబట్టి గురువారం భోజనం అంటాడు.

పాతకాలం గుర్తుచేసుకుని బాధపడేవాళ్లతో నేను ఒప్పుకునేది ఒక్కచోటే. పండగ వ్యాపారమైపోయిందని మాల్స్‌ని తిట్టడం కాదు, 1987లో నా గౌను గుడ్డ కూడా గుంటూరు కొట్లో అప్పు మీదే తెచ్చారు. నా గొడవ సెమీ క్రిస్మస్‌తో. పాత సంఘాల్లో పండగకి ముందు వారాలు ఉపవాస దినాలు, 25న పండగ మొదలై పన్నెండు రోజులు జనవరి 6 దాకా నడిచేది. ఇప్పుడది తలకిందులైంది. 25కి ముందే చేసేసుకునే పండగకి మనవాళ్లు పెట్టుకున్న ముద్దు పేరే సెమీ క్రిస్మస్. డిసెంబరు 1 నుంచి వరసగా సండే స్కూల్ సెమీ, స్త్రీల సమాజం సెమీ, యూత్ సెమీ, ఊళ్లో అయితే నాయకుల సెమీ, ఇక్కడ ఆఫీసులో సీక్రెట్ శాంటా, అపార్ట్‌మెంటులో చెట్టు వెలిగించే రోజు. నిరుడు 24 లోపల నేను ఏడు చోట్ల కేకు తిన్నాను, లెక్కపెట్టాను. మా పాపకి ఎనిమిదేళ్లు, అది 14నాడు పొద్దున లేచి, "ఇవాళ కూడా క్రిస్మసేనా?" అని అడిగింది. రోజూ పండగైతే ఆ పిల్ల దేనికోసం చూడాలి? 25 సాయంత్రానికి అంతా అయిపోయి, 26న ఆన్‌లైన్‌లో న్యూ ఇయర్ సేల్.

క్యారల్స్ కూడా మారిపోయాయి కదా అని మీరనొచ్చు. మా సంఘం ఇక్కడ ఒక హాలు అద్దెకి తీసుకుని నడుస్తుంది, ఎనిమిదిన్నరకి తమిళ ఆరాధన ఉంటుంది కాబట్టి మేం ఎనిమిదింపావుకల్లా చెప్పులేసుకోవాలి. క్యారల్స్‌కి వాట్సాప్‌లో టైం టేబుల్ వస్తుంది, ఫలానా అపార్ట్‌మెంటు 7.10, ఫలానా లేఅవుట్ 7.50. రాత్రి పది దాటితే మైకు పెట్టకూడదు, చట్టమే ఉంది. మొదట్లో నేను దీన్ని చూసి ముక్కు విరిచాను. తర్వాత గమనించాను, తొమ్మిదిన్నరకే అయిపోతుంది కాబట్టి ఇక్కడ ఆడపిల్లలు ఆఖరి ఇంటిదాకా వెళ్తారు. డప్పు కూడా వాళ్లలో ఒకమ్మాయే వాయిస్తుంది. కిటికీ దగ్గర ఎవరూ లేరు. అప్పటి నుంచి ముక్కు విరవడం మానేశాను.

2011 నవంబరులో నాన్న పోయాడు. ఆ ఏడు మాకు పండగ లేదు, నక్షత్రం లేదు, పిండివంటలు లేవు. క్యారల్స్ వాళ్లు మా ఇంటి ముందుకొచ్చి డప్పు ఆపేశారు. ఒక్క పాట, గొంతులు తగ్గించి పాడారు. అమ్మ డబ్బులు తీసుకుని లేచేలోగా పక్కింటి ముందు డప్పు మళ్లీ మొదలైంది. ఆ తర్వాత నాలుగైదేళ్లు నాకు క్రిస్మస్ అంటే త్వరగా అయిపోవాల్సిన పని. భోజనాల దగ్గర "చిన్నప్పటి ఫీల్ లేదండీ" అంటే తలూపడం మొదలైంది ఆ రోజుల్లోనే అని ఇప్పుడు కూర్చుని లెక్కేస్తే తేలుతోంది. వయసు మీద పెట్టి చెప్పేదాన్ని. నలుగురిలో నాన్న అనడం కన్నా వయసు అనడం తేలిక.

ఇప్పుడు మా ఫ్లాటుకి నక్షత్రం శివాజీనగర్‌లో కొంటాను, రస్సెల్ మార్కెట్ దగ్గర, బసిలికా చర్చి పక్కన. నవంబరు చివరికల్లా అక్కడ నెత్తిమీద అన్నీ నక్షత్రాలే వేలాడుతుంటాయి, మెడలెత్తి బేరమాడాలి. మడతపెట్టి చేతికిస్తారు, ఇంటికొచ్చి విప్పితే ఏడు మూలలు. నాన్నయితే ఏడెందుకే అనేవాడు.

కరోనా రోజుల్లో ఒక ఏడు ఊరెళ్లలేక ఇక్కడే ఉండిపోయాం. అమ్మ ఎప్పుడో ఇచ్చిన గులాబీ పువ్వుల అచ్చు అటక మీద ఉంటే దించాను. మైదా, బియ్యప్పిండి, గుడ్డు, పంచదార, కొబ్బరిపాలు, అంతా అమ్మ చెప్పినట్టే కలిపాను. మొదటి పువ్వు అచ్చుకి అతుక్కుపోయింది. రెండోది సగం ఊడి నూనెలో కుప్పైంది. మూడోది అసలు అచ్చుకే పట్టలేదు. ఎదురు ఫ్లాట్‌లో మంగళూరు ఆంటీ ఉంటారు, వాళ్లు క్రిస్మస్‌కి కుస్వార్ అని పళ్లెం నిండా పిండివంటలు పంచుతారు, అందులోనూ గులాబీ పువ్వులుంటాయి. ఆవిడ మాస్కు పెట్టుకుని గుమ్మంలో నిలబడే చెప్పారు: అచ్చుని నూనెలోనే వదిలెయ్, బాగా కాగనీ, పిండిలో ముప్పావు వంతే ముంచు, పైదాకా మునిగితే పువ్వు జన్మలో ఊడదు. నాలుగోది ఊడింది. నూనెలో గిర్రున తిరిగి విచ్చుకుంది. నేను కేక పెడితే మా ఆయన కాలిందేమోనని పరిగెత్తుకొచ్చాడు.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి, మొదటి మూడూ పాడైపోయాయి, నీకెప్పుడూ అలా అవదు కదా అన్నాను. "నాకూ మొదటి మూడూ రావే. మీరు చూడకముందే తినేస్తా" అంది. నలభై ఏళ్లుగా ఆ మూడు పువ్వుల సంగతి మాకెవరికీ తెలియదు.

నా పండగ ఇప్పుడు 26. ఊళ్లో, చుట్టాలు వెళ్లిపోయాక, కడిగి బోర్లించిన గిన్నెల మీద ఎండ పడుతుంటే, డబ్బా అడుగున మిగిలిన విరిగిన గులాబీ పువ్వులు టీలో ముంచుకుంటూ అమ్మా నేనూ వసారాలో కూర్చుంటాం. అమ్మ ఊళ్లో ఎవరికి ఏమైందో చెబుతుంది, నేను ఊ కొడతాను. ఆ పూట కోసమే నేను అక్టోబరులో ఎనిమిదింటికి ఫోను పట్టుకుంటున్నానని ఈమధ్యే అర్థమైంది. మా ఆయనకి చెబితే, "థియరీ బాగుంది, అయితే 25 రాత్రికి టికెట్లు తీస్తే సరిపోయేది కదా" అన్నాడు.

మా వాడి విషయానికొస్తే, వాడి పండగ 23. ఆఖరి రౌండు, గిటారు వాడిదే. దాన్ని నా 26 కోసం కొట్టేయడానికి నాకు మనసు రాలేదు. పద్దెనిమిదేళ్లప్పుడు తొమ్మిదింటికి ఇంటికి పంపించేసిన దాన్ని కదా, ఇంకొకరిని సగంలో లాక్కురావడం నా వల్ల కాలేదు. రైలు టికెట్లు క్యాన్సిల్ చేశాం. 24 రాత్రికి బస్సు. రేటు చెప్పను, చెబితే మా ఆయన చదివి మళ్లీ బాధపడతాడు.

అమ్మకి చెప్పాలంటేనే భయం వేసింది. రెండు రోజులు వాయిదా వేసి, మూడో రోజు చేశాను. 23 రైలుకి కాదమ్మా, 25 పొద్దున ఎనిమిదింటికి దిగుతాం అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. టీవీలో ఏదో సీరియల్ నడుస్తోంది.

"అయితే బియ్యం 22న నానబోస్తాలే. అరిసెలకి తొందర లేదు," అంది. "గులాబీ పువ్వులు 24 రాత్రి వేస్తా, ముందే వేస్తే మెత్తబడతాయి." మళ్లీ కాసేపాగి, "బస్సు ఎనిమిదికి వస్తుందా, ఎనిమిదిన్నరకా? సరిగ్గా చెప్పు."